గంటలూ తగ్గాలి... తరుగూ తగ్గాలి!

పంటను మార్కెట్‌కు తెచ్చిన రైతును ఇంటికొచ్చాక ఇంట్లోవాళ్లు అడిగేవి రెండే ప్రశ్నలు. 'ఇంత ఆలస్యమైందేం? తరుగు ఎంత తీశారు?' మొదటిది సమయం గురించి. రెండోది కచ్చితత్వం గురించి. ప్రపంచంలోని పెద్ద పెద్ద కంపెనీలు కోట్లు ఖర్చుపెట్టి నేర్చుకున్న 'లీన్', 'సిక్స్ సిగ్మా' పద్ధతులు కూడా సరిగ్గా ఈ రెండు ప్రశ్నల కోసమే పుట్టాయి. ఆ రెండింటినీ కలిపి చూస్తే మన మార్కెట్ యార్డు ఎలా కనిపిస్తుందో తెలియాలంటే... కేసముద్రం దాకా వెళ్లాల్సిందే!

ఇంకా తెల్లారలేదు. మక్కల బస్తాలతో నిండిన ట్రాక్టరు ఊరు దాటింది. బస్తాల మీద ఓ దుప్పటి, ఓ టిఫిన్ డబ్బా, అన్నిటికన్నా పైన ఓ పాత టార్పాలిన్. ఎందుకంటే ఆకాశాన్ని నమ్మడానికి లేదు. పంట చేతికొచ్చే రోజుల్లో మహబూబాబాద్ జిల్లా కేసముద్రం వైపు వెళ్లే దారుల్లో ఇలాంటి ట్రాక్టర్లు వరుస కడతాయి. కాజీపేట-విజయవాడ రైలు మార్గంలో ఉన్న చిన్న పట్టణం అది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు అది రైల్వేస్టేషన్ కన్నా ముందు మార్కెట్. మక్కలు, వడ్లు, పసుపు, మిర్చి, కందులు, పెసలు... ఏ కాలానికి ఆ పంట!

ఆ ట్రాక్టరు ఉదయం ఆరింటికి గేటు దాటిందనుకుందాం. పేరు రాయించుకోవాలి. దించుకోవాలి. సరుకు చూపించాలి. ధర తేలాలి. కాంటా కావాలి. తక్‌పట్టీ చేతికి రావాలి. ఇవన్నీ అయ్యేసరికి సాయంత్రం ఆరు. అంటే పన్నెండు గంటలు.

ఇప్పుడు చిన్న లెక్క. బస్తాలు దించడానికి అరగంట. నమూనా తీయడానికి పది నిమిషాలు. యాభై బస్తాలు తూయడానికి ముప్పావుగంట. బిల్లు రాయడానికి ఇంకో పది నిమిషాలు. అన్నీ కలిపినా, ఆ మక్కల మీద నిజంగా పని జరిగింది సుమారు గంటన్నర. మరి మిగతా పదిన్నర గంటలు? ఎదురుచూపు! చెట్టు నీడన ఓసారి, షెడ్డు కింద ఓసారి, టీకొట్టు దగ్గర మరోసారి. 'కాంటా ఎప్పుడైతది?' అని నలుగురిని అడగడం.

ఆ ఎదురుచూపు ఖరీదు ఎంత? ఒక కూలి దినం, ట్రాక్టరు కిరాయి, హోటల్లో రెండు పూటల తిండి. ఈ మధ్యలో ఓ జల్లు పడిందా... ఆరబోసిన తేమంతా మళ్లీ గింజలోకి వచ్చి చేరుతుంది. అప్పుడు ధర పడిపోయేది రైతుకే.

లెక్కలోకి రాని అరకిలో

రెండో ప్రశ్న తరుగు. బస్తా బరువుకని కొంత, తేమకని కొంత, మట్టి పెళ్లలకని కొంత. ఇందులో న్యాయమైనదీ ఉంటుంది, కానిదీ ఉంటుంది. రైతు బాధ తరుగు తీసినందుకే కాదు. ఈ రోజు ఒకలా, రేపు ఒకలా... ఈ కాంటా దగ్గర ఒకలా, ఆ కాంటా దగ్గర ఒకలా ఉండటమే అసలు బాధ.

బస్తాకు అరకిలో తేడా వచ్చిందనుకోండి. వినడానికి పెద్దగా అనిపించదు. కానీ యాభై బస్తాలకు పాతిక కిలోలు. 2025-26 సంవత్సరానికి మొక్కజొన్న మద్దతు ధర క్వింటాలుకు 2400 రూపాయలు. ఆ లెక్కన ఒక్క ట్రాక్టరు మీద 600 రూపాయలు గాల్లో కలిసిపోయినట్టే. అదే రోజు యార్డుకు అలాంటి ట్రాక్టర్లు వంద వస్తే? 60 వేలు!

ఒకవైపు గంటలు, మరోవైపు కిలోలు. గంటల సంగతి తేల్చే విద్య జపాన్‌లో పుట్టింది. కిలోల సంగతి తేల్చే విద్య అమెరికాలో పెరిగింది. రెండింటి కథా ఆసక్తికరమే.

పోగు తెగితే మగ్గం ఆగాలి

లీన్ కథ కార్లతో కాదు, మగ్గంతో మొదలవుతుంది. వరంగల్ కొత్తవాడలో తివాచీలు నేసే ఏ నేతన్నను అడిగినా చెబుతాడు... పోగు తెగింది చూసుకోకుండా నేసుకుంటూ పోతే ఆ గుడ్డంతా దండగే అని. జపాన్‌కు చెందిన సకిచి టొయోడా సరిగ్గా ఆ సమస్యనే పట్టుకున్నాడు. పోగు తెగిన మరుక్షణం తనంతట తానే ఆగిపోయే మరమగ్గాన్ని 1924లో తెచ్చాడు. తప్పు జరిగినచోటే పని ఆగాలి, అక్కడే సరిదిద్దాలి, దాన్ని ముందుకు పోనివ్వకూడదు... ఇదీ అందులోని సూత్రం.

ఆయన కొడుకు కిచిరో కార్ల కంపెనీ పెట్టాడు. అదే టొయోటా. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ కంపెనీ దగ్గర డబ్బుల్లేవు. గోదాముల నిండా సరుకు పోసుకుని కూర్చునే స్తోమత లేదు. అప్పుడు టైచీ ఓనో అనే ఇంజినీరు, అమెరికా సూపర్ మార్కెట్లు నడిచే తీరును ఆదర్శంగా తీసుకున్నాడు. అక్కడ అరలోంచి ఎంత సరుకు అమ్ముడైతే అంతే మళ్లీ నింపుతారు. ఫ్యాక్టరీ కూడా అలాగే నడవాలన్నాడు. కావలసింది, కావలసినప్పుడు, కావలసినంతే!

పనిలోని దండగను ఓనో ఏడు రకాలుగా విడదీశాడు. అవసరానికి మించి తయారుచేయడం, ఎదురుచూడటం, సరుకును అటూ ఇటూ మోయడం, అక్కర్లేని పనులు చేయడం, నిల్వలు పేర్చుకోవడం, మనుషులు ఊరికే తిరగడం, తప్పులు చేసి మళ్లీ సరిదిద్దుకోవడం. యార్డు గేటు దగ్గర నిలబడి ఓ గంట చూస్తే ఈ ఏడింటిలో ఎక్కువ భాగం కళ్లముందే కనిపిస్తాయి. దించిన బస్తాలను చోటు చాలక మరోచోటికి మార్చడం మోత దండగ. ఒకే పేరును మూడు పుస్తకాల్లో రాయడం పని దండగ. కాంటా కోసం పేరుకుపోయిన రాశులు నిల్వ దండగ.

టొయోటా పద్ధతికి 'లీన్' అని పేరుపెట్టింది మాత్రం అమెరికాలో. జాన్ క్రాఫ్‌సిక్ అనే పరిశోధకుడు 1988లో ఆ మాట వాడాడు. లీన్ అంటే సన్నని అని. కొవ్వు లేని ఒళ్లన్న మాట. బక్కచిక్కడం కాదు, బరువు తగ్గి చురుగ్గా నడవడం.

రెండు బస్సుల కథ

ఇక సిక్స్ సిగ్మా. పేరు వింటే భయమేస్తుంది కానీ విషయం మనకు తెలిసిందే. మీ ఊరినుంచి మహబూబాబాద్‌కు రెండు బస్సులున్నాయనుకోండి. మొదటిది రోజూ పది నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. రెండోది ఒకరోజు ఇరవై నిమిషాలు ముందే వెళ్లిపోతుంది, మర్నాడు నలభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. సగటు తీస్తే రెండింటిదీ పది నిమిషాల ఆలస్యమే! కానీ మీరు ఏ బస్సును నమ్ముతారు? కచ్చితంగా మొదటిదాన్నే. దాని ఆలస్యం తెలుసు కాబట్టి పది నిమిషాలు ఆగి ఇల్లు కదలొచ్చు. రెండోదాంతో ఏమీ చేయలేం.

అంటే సగటు కాదు, హెచ్చుతగ్గులే మనిషిని బాధపెట్టేవి. ఆ హెచ్చుతగ్గులను కొలిచే గణిత చిహ్నమే సిగ్మా. అమెరికాలోని మోటరోలా కంపెనీలో బిల్ స్మిత్ అనే ఇంజినీరు 1980ల మధ్యలో ఈ పద్ధతికి రూపం ఇచ్చాడు. లక్ష్యం ఏమిటో తెలుసా? పది లక్షల అవకాశాల్లో 3.4 తప్పులకు మించకూడదు. మన భాషలో చెప్పాలంటే, పది లక్షల బస్తాలు తూస్తే తూకం తప్పినవి నాలుగు కూడా ఉండకూడదన్నమాట! 1995లో జనరల్ ఎలక్ట్రిక్ అధిపతి జాక్ వెల్చ్ దీన్ని తన కంపెనీ అంతటా తప్పనిసరి చేయడంతో ప్రపంచమంతా ఈ పేరు మోగిపోయింది.

ఆ మోత హైదరాబాద్‌కూ వచ్చింది. జనరల్ ఎలక్ట్రిక్ తన లెక్కలు, బిల్లులు, కస్టమర్ సేవల పనిని చేయించుకోవడానికి 1997లో మనదేశంలో ఓ సంస్థను మొదలుపెట్టింది. అదే 2005లో జెన్‌పాక్ట్‌గా మారింది. హైదరాబాద్ ఉప్పల్ ప్రాంతంలో దానికి పెద్ద కార్యాలయం ఉంది. కరాటేలో లాగా గ్రీన్ బెల్టు, బ్లాక్ బెల్టు అంటూ వేలమంది తెలుగు యువతీ యువకులు ఈ విద్య నేర్చుకున్నది అలాంటి కార్యాలయాల్లోనే. బిల్లు ఎన్ని చేతులు మారుతోంది, ఎక్కడ ఆగుతోంది, ఎక్కడ తప్పు దొర్లుతోంది... ఇదే వారి పని. విచిత్రమేమిటంటే, వారిలో చాలామంది ఇళ్లలో తాతలు, తండ్రులు మార్కెట్ యార్డులో అదే బిల్లు కోసం పొద్దంతా కూర్చున్నవాళ్లే!

ఆవకాయ, 128 జాడీలు... ఓ తెలుగు మేధావి

నాణ్యత విద్య అంతా జపాన్‌దో, అమెరికాదో అనుకుంటే పొరపాటు. అందులో మనవాడి చెయ్యి చాలా పెద్దది. ఆయనే కల్యంపూడి రాధాకృష్ణారావు. ప్రపంచానికి సి.ఆర్.రావు. 1920 సెప్టెంబరు 10న ఇప్పటి కర్ణాటకలోని హూవిన హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. అక్కడే దశాబ్దాలపాటు పనిచేశారు.

ఆయన 1947లో ప్రతిపాదించిన వాటిలో 'ఆర్థోగొనల్ ఎరేస్' ఒకటి. అదేమిటో ఆవకాయతో చెప్పుకోవచ్చు. మామిడికాయ, కారం, ఆవపిండి, ఉప్పు, నూనె, మెంతులు, జాడీ... ఈ ఏడింటిలో ప్రతిదానికీ రెండేసి రకాలున్నాయి. ఏది వాడితే రుచి బాగుంటుందో తేల్చాలంటే అన్ని కలయికలూ పెట్టి చూడాలి. అంటే 128 జాడీల ఆవకాయ! ఏ ఇల్లాలూ ఆ పని చేయదు. కానీ రావు చూపిన పట్టిక ప్రకారం జాగ్రత్తగా ఎంచుకుంటే ఎనిమిది జాడీలతోనే ఒక్కో దినుసు ప్రభావం ఎంతో ప్రాథమికంగా తేలిపోతుంది.

జపాన్ ఇంజినీరు గెనిచి టగుచి 1954-55లో కలకత్తా వచ్చి ఇదే సంస్థలో కొంతకాలం ఉన్నారు. ఆ తర్వాత ఆయన పేరుతో ప్రపంచ ప్రసిద్ధమైన నాణ్యతా పద్ధతులకు ఈ పట్టికలే ఆయువుపట్టు. సి.ఆర్.రావుకు 2001లో పద్మవిభూషణ్ వచ్చింది. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వరించింది. అదే ఏడాది ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఎద్దులు రెండూ కలిసి నడిస్తేనే

మొదట్లో లీన్ వాళ్లు, సిక్స్ సిగ్మా వాళ్లు ఎవరి దారి వారిదే అన్నట్టుండేవారు. పోనుపోను రెండువైపుల లోటూ తెలిసొచ్చింది. లీన్ పని వేగాన్ని పెంచుతుంది. కానీ కాంటా తప్పుగా తూగుతుంటే? తప్పు తూకాలు మరింత వేగంగా జరుగుతాయి, అంతే! సిక్స్ సిగ్మా తూకాన్ని గ్రాముల దాకా సరిచేస్తుంది. కానీ ఆ కాంటా దగ్గరికి చేరడానికే రైతుకు పన్నెండు గంటలు పడుతుంటే? ఆ కచ్చితత్వం ఎవరికి?

2000 తర్వాత ఈ రెండింటినీ కలిపి 'లీన్ సిక్స్ సిగ్మా' అనడం మొదలైంది. అమెరికా రచయిత మైకేల్ జార్జ్ 2002లో ఆ పేరుతోనే పుస్తకం రాశాడు. కాడికి కట్టిన ఎద్దులు రెండూ కలిసి నడిస్తేనే సాలు తిన్నగా పడుతుందన్నది అందులోని సారాంశం.

ఎలా కలుస్తాయి? మళ్లీ కేసముద్రం లాంటి యార్డుకే వద్దాం. 'ఎందుకు' అని ఐదుసార్లు అడగడం టొయోటావాళ్ల అలవాటు. ఉదాహరణకు ఇలా అడిగి చూద్దాం.

కాంటా ఎందుకు ఆలస్యమైంది? హమాలీలు, దడవాయిలు ఖాళీగా లేరు కాబట్టి.

ఎందుకు ఖాళీగా లేరు? అన్ని రాశులకూ ఒకేసారి ధర తేలింది కాబట్టి. పొద్దునంతా పని లేదు, మధ్యాహ్నం తర్వాత అంతా మీదపడింది.

ఒకేసారి ఎందుకు తేలింది? ఖరీదుదారులు యార్డంతా తిరిగి అన్నీ చూశాకే ధర వేశారు కాబట్టి.

అన్నీ తిరిగి ఎందుకు చూశారు? నమూనా పరీక్షలో వచ్చిన తేమ, నాణ్యత అంకెలను నమ్మలేదు కాబట్టి.

ఎందుకు నమ్మలేదు? ఒకే గింజలను రెండుసార్లు పరీక్షిస్తే రెండు అంకెలు వస్తున్నాయి కాబట్టి!

చూశారా? కాంటా దగ్గర మొదలైన ప్రశ్న తేమ కొలిచే మిషన్ దగ్గర తేలింది. గంటల సమస్యకు వేరు కచ్చితత్వంలో ఉంది. ఇలాంటిచోట ఇంకో నాలుగు కాంటాలు కొన్నా లాభం ఉండదు. మక్కలకు తేమ 14 శాతం లోపు ఉండాలన్నది నిబంధన. ఒకే నమూనాను ఒక మిషన్ 13 అని, ఇంకోటి 15 అని చూపిస్తే రైతు ఒకదాన్ని నమ్ముతాడు, వ్యాపారి ఇంకోదాన్ని నమ్ముతాడు. అందుకే ముందు మిషన్లు ఒకేమాట చెప్పేలా సరిచేయాలి. ఒకే నమూనాను వేర్వేరు మనుషులతో, వేర్వేరు మిషన్లతో మళ్లీమళ్లీ పరీక్షించి తేడా ఎంతుందో చూడటం సిక్స్ సిగ్మాలో తొలిపాఠాల్లో ఒకటి. అంకె మీద నమ్మకం కుదిరితే ధరలు విడతలవారీగా తేలతాయి. విడతలవారీగా తేలితే కాంటాలూ పొద్దుటినుంచే నడుస్తాయి. అప్పుడు రైతు చీకటి పడకముందే ఇల్లు చేరతాడు.

చీటీల పెట్టె నుంచి సెల్‌ఫోన్ దాకా

మన మార్కెట్లలో ఈ దిశగా పెద్ద అడుగు 2016 ఏప్రిల్ 14న పడింది. ఆ రోజు కేంద్రం 'ఈ-నామ్' అనే జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ మార్కెట్‌ను ప్రారంభించింది. మొదట 8 రాష్ట్రాల్లో 21 మార్కెట్లు. అందులో నిజామాబాద్, వరంగల్ సహా తెలంగాణవి ఐదు. 2020 మే నాటికి దేశవ్యాప్తంగా వాటి సంఖ్య వెయ్యికి చేరింది. కేసముద్రం కూడా ఈ వలలో చేరిన మార్కెట్టే.

అంతకుముందు పద్ధతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఖరీదుదారులు చీటీల మీద ధర రాసి పెట్టెలో వేసేవారు. వాటిని విప్పి, ఒక్కో రాశికి ఎవరిది ఎక్కువో సరిచూసి, రాసి, చదివి వినిపించాలి. ఎన్ని రాశులుంటే అంత సేపు. ఈ-నామ్‌లో గేటు దగ్గరే రైతు పేరు, సరుకు నమోదై రాశికో నంబరు వస్తుంది. నమూనా పరీక్ష వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కుతాయి. ఖరీదుదారులు సెల్‌ఫోన్‌లోనే ధర వేయొచ్చు. సమయం ముగియగానే ఎవరిది ఎక్కువో యంత్రమే చెప్పేస్తుంది. తర్వాత తూకం, బిల్లు, బ్యాంకు ఖాతాకు డబ్బు. కాగితం మీద ఈ పద్ధతి చక్కగా ఉంది.

దీనివల్ల ధర పెరుగుతుందా? మనకంటే ముందే ఇలాంటి ఏర్పాటు చేసుకున్న కర్ణాటకలో పరిశోధకులు ఇదే ప్రశ్న వేసుకున్నారు. 2020లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం వడ్లకు 5.1 శాతం, పల్లీలకు 3.6 శాతం, మక్కలకు 3.5 శాతం ధర పెరిగింది. కానీ అన్ని పంటలకూ ఈ లాభం కనిపించలేదు. మార్కెట్లో ఎంతమంది కొనుగోలుదారులున్నారు, సరుకు రవాణా ఎలా ఉంది, ధర వేయడం ఎంత సులువుగా సాగుతోంది వంటివే తేడా తెచ్చాయని వాళ్లు తేల్చారు. అంటే కంప్యూటర్ పెట్టగానే అయిపోలేదు. పని నడిచే దారి మొత్తం బాగుపడాలి.

ఆ దారి ఎంత సున్నితమో ఒక లెక్క చెబుతుంది. గేటు, నమూనా, ధర, తూకం, బిల్లు, చెల్లింపు... మొత్తం ఆరు మెట్లు. ఒక్కో మెట్టు దగ్గర నూటికి 95 మందికి పని సవ్యంగా జరుగుతోందనుకుందాం. 95 అంటే డిస్టింక్షన్ మార్కులే కదా! కానీ ఆరు మెట్లూ దాటేసరికి ఏ ఇబ్బందీ లేకుండా బయటపడేది నూటికి 73 మందే. మిగతావారికి ఎక్కడో ఒకచోట కాలు జారుతుంది. అదే ఒక్కో మెట్టు దగ్గర 99 మందికి సవ్యంగా జరిగితే చివరికి 94 మంది క్షేమంగా ఇల్లు చేరతారు. అన్ని మెట్లూ కలిపి చూడాలనేది అందుకే.

గొలుసులో ఒక్క కడియం తెగితే ఏమవుతుందో కేసముద్రం వాసులకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు 1న కుండపోత వానలకు ఇంటికన్నె-కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. తెగింది కొద్దిమేర. ఆగిపోయింది మాత్రం దక్షిణాదిని ఢిల్లీతో కలిపే మార్గం! వందల మంది కార్మికులు రాత్రింబవళ్లు శ్రమించి కొద్దిరోజుల్లోనే రైళ్లను నడిపించారు. వాళ్లు బలమంతా తెగినచోటే పెట్టారు. మిగతా పట్టాలకు మెరుగులు దిద్దుతూ కూర్చోలేదు. యార్డులోనైనా, ఆఫీసులోనైనా చేయాల్సింది అదే.

హమాలీ సంగతేంటి?

కొత్త పద్ధతి అనగానే ముందుగా ఉలిక్కిపడేది చేతి పని మీద బతికేవాళ్లు. హమాలీలు, దడవాయిలు, రాశుల దగ్గర గింజలు చెరిగే చాట కూలీలు... వీళ్ల భయం న్యాయమైనదే. లీన్ పేరు చెప్పి మనుషులను తీసేసిన కంపెనీలు ప్రపంచంలో లేకపోలేదు. కానీ టొయోటా పద్ధతిలో దండగను తీసేయడం ఎంత ముఖ్యమో, మనిషిని గౌరవించడం అంత ముఖ్యం. తప్పు కనిపిస్తే లైను ఆపే అధికారాన్ని అక్కడ మామూలు కార్మికుడికే ఇచ్చారు.

పైగా ఆలోచిస్తే, ఎదురుచూపు వల్ల నష్టపోయేది రైతొక్కడే కాదు. హమాలీకి కూలి బస్తా లెక్కన. పొద్దునంతా బస్తా లేక కూర్చున్న సమయానికి అతనికి పైసా రాదు. సాయంత్రం పని మీదపడితే నడుం విరిగేలా మోయాలి. పని రోజంతా సమానంగా సాగితే అతని ఒంటికీ మేలే, చేతికీ మేలే. జపాన్‌వాళ్లు దండగతోపాటు మరో రెండింటిని కూడా శత్రువులుగా చూస్తారు. ఒకటి పనిలో ఎగుడుదిగుళ్లు, రెండోది మనిషి మీద మోయలేని భారం. యార్డులో రెండోది పోవాలంటే ముందు మొదటిది పోవాలి.

ఇంకో సంగతి. ఏ సంచిలో గింజ ఎంత తేమగా ఉందో పంటికింద వేసుకుని చెప్పగల చాట కూలీ, చెయ్యి పెట్టి పసుపు కొమ్ము ఆరిందో లేదో పసిగట్టే దడవాయి... వీళ్ల దగ్గర ఏ మిషన్‌లోనూ లేని తెలివి ఉంది. ఎక్కడ ఆలస్యమవుతోందో, ఎందుకవుతోందో ముందు వాళ్లనే అడగాలి. పని జరిగేచోటికే వెళ్లి చూడు అన్నది ఓనో మొదటి పాఠం.

మీ ఇంట్లోనూ ఉంది లీన్!

ఇదంతా మార్కెట్లకు, కంపెనీలకే అనుకోకండి. వంటగదిలోకి తొంగిచూడండి. పోపుల పెట్టె తెరిస్తే ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు... దేని గిన్నె దానిదే. కళ్లు మూసుకున్నా చెయ్యి సరైనచోటికే పోతుంది. 'ప్రతి వస్తువుకూ ఒక చోటు' అని జపాన్‌వాళ్లు ఫ్యాక్టరీల్లో నేర్పేది దీన్నే.

రెండు గ్యాస్ సిలిండర్లున్న ఇల్లు చూడండి. ఒకటి అయిపోగానే రెండోది తగిలించి, వెంటనే బుక్ చేస్తారు. ఖాళీ సిలిండరే 'సరుకు పంపండి' అని చెప్పే సంకేతం. టొయోటాలో దీన్ని 'కాన్‌బాన్' అంటారు. ఉల్టాగా పెడదామన్నా పట్టని ఫోన్ సిమ్ కార్డు మూల గమనించారా? తప్పు చేయడానికే వీల్లేకుండా వస్తువును తయారుచేయడం దానిలోని కిటుకు. హైదరాబాద్‌లో 2001లో 'ఈసేవ' కేంద్రాలు వచ్చినప్పుడు జనం ఎందుకంత సంతోషించారు? కరెంటు బిల్లుకో వరుస, నీళ్ల బిల్లుకో వరుస లేకుండా ఒకే కౌంటర్ దగ్గర పని తెమిలింది కాబట్టి!

చిన్న పరిశ్రమలవాళ్లకు మరో వెసులుబాటు కూడా ఉంది. రైస్‌మిల్లు, జిన్నింగ్ మిల్లు, కారం మిల్లు... ఏదైనా సరే, ఇలాంటి పద్ధతులు నేర్పే నిపుణుల ఖర్చులో 90 శాతాన్ని కేంద్రమే భరించేలా 2023 మార్చిలో ఎంఎస్ఎంఈ శాఖ 'లీన్' పథకాన్ని కొత్తరూపంలో తెచ్చింది. ఉన్న మిషన్లతోనే, ఉన్న మనుషులతోనే ఎక్కడ దండగ పోతోందో చూపించడం దాని ఉద్దేశం.

గడియారం, కాంటా... రెండూ చాలు

మొదలుపెట్టడానికి పెద్ద సాఫ్ట్‌వేర్లు, రంగురంగుల బెల్టులు అక్కర్లేదు. ప్రతి రాశి గేటు దాటిన సమయం, ధర తేలిన సమయం, కాంటా అయిన సమయం, డబ్బు చేతికొచ్చిన సమయం... ఈ నాలుగూ ఓ పెద్ద బోర్డు మీద అందరికీ కనిపించేలా రాస్తే చాలు. రోజూ పొద్దున్నే ఒకే తూకపు రాయిని అన్ని కాంటాల మీదా పెట్టి, ఏది ఎంత చూపిందో ఆ పక్కనే రాయాలి. నెల తిరిగేసరికి ఎక్కడ ఆగుతోందో, ఎక్కడ తప్పుతోందో యార్డులో ప్రతి ఒక్కరికీ తెలిసిపోతుంది. కళ్లకు కనబడిన తప్పును దాచడం ఎవరి తరమూ కాదు.

పండించడానికి నాలుగు నెలలు ఓర్చుకున్న రైతుకు అమ్ముకోవడానికి ఒక్కరోజు ఓర్చుకోవడం పెద్ద లెక్క కాదని కొందరంటారు. కానీ ఆ నాలుగు నెలల ఎదురుచూపులో పంట పెరిగింది. ఈ పన్నెండు గంటల ఎదురుచూపులో పెరిగేది ఏమీ లేదు... ఆందోళన తప్ప! ఆ గంటలు తగ్గి, ఆ తరుగు సరిగ్గా తేలిన రోజున ట్రాక్టరు పొద్దుండగానే ఇంటిదారి పడుతుంది. బస్తాల మీద వేసుకొచ్చిన టార్పాలిన్ విప్పే అవసరం రాకుండానే!